తాడు విప్పమన్న ద్రౌపది



ఈ వారం వీడియో ఓయూ క్యాంపస్‌లో షూట్ చేశాం, చూసే ఉంటారు. పొద్దున ఆరింటికి ఆర్ట్స్ కాలేజ్ ముందు వెలుతురు బాగుంటుందని వెళ్తే వాకింగ్‌కి వచ్చినవాళ్ళు, మెట్ల మీద గ్రూప్స్ పుస్తకాలు ముందేసుకుని కూర్చున్నవాళ్ళు, ప్రీ-వెడ్డింగ్ జంటలు, అందరూ ఫ్రేమ్‌లోకి వచ్చేశారు. మైక్‌లో గాలి హోరు ఎక్కువై పన్నెండు నిమిషాలకే ఆపేశాం. అందుకే అశ్వత్థామ కథ సగంలో ఆగింది. మిగతా సగం ఇక్కడ రాస్తున్నా. మొదటి సగం మాత్రమే విని వదిలేస్తే ద్రౌపది ఏదో మెతక మనిషి అనిపిస్తుంది. అది ఆవిడకి అన్యాయం.

అసలు ఈ టాపిక్ ఎందుకు తీసుకున్నామో వీడియోలో చెప్పలేదు. ఒక తమ్ముడు పెట్టిన మెసేజ్ వల్ల. తార్నాకలో హాస్టల్‌లో ఉంటాడు, పగలంతా యూనివర్సిటీ లైబ్రరీలో చదువుకుంటాడు. అతన్ని అడిగే రాస్తున్నా, గుర్తుపట్టే వివరాలు తీసేశా. మెసేజ్ ఇలా ఉంది:

"అన్నా, మా రూమ్మేట్ నా ఫోన్ల నుంచి మూడు రాత్రులల్ల 22,000 కొట్టేసిండు. నా యూపీఐ పిన్ వానికి తెలుసు, రీచార్జ్ చెయ్యమని ఒకసారి నేనే చెప్పిన. బెట్టింగ్ యాప్‌ల పెట్టి పోగొట్టిండు. అడిగితే కాళ్ళు పట్టుకున్నడు. మా నాయినకు చెప్పకు, గుండె ఆగి పోతడు అంటుండు. ఒక ఫ్రెండేమో స్టేషన్‌కి పోదాం పా అంటుండు. ఇంకో ఫ్రెండ్ క్రిస్టియన్. వాడేమో మాఫ్ చెయ్యి, ప్రేయర్ చేద్దాం అంటుండు. మన దాంట్ల ఏం చెప్తరన్నా?"

22,000 అంటే చాలామందికి వీకెండ్ ట్రిప్ ఖర్చు. ఆ తమ్ముడికి అది కోచింగ్ రెండో వాయిదా, మూడు నెలల మెస్ బిల్లు. వాళ్ళమ్మ సంఘంలో అప్పు తీసుకుని పంపిన డబ్బు. కాబట్టి "డబ్బుదేముంది రా" అని పెద్దరికంగా ఒక్క మాట చెప్పి తప్పుకునే కేసు కాదు.

నన్ను పట్టుకున్నది మాత్రం ఆ చివరి ప్రశ్న. మన దాంట్లో ఏం చెప్తారు? ఆ ప్రశ్నలో ఒక అనుమానం దాక్కుని ఉంది. క్షమించడం, దయ చూపించడం చర్చిలో చెప్పే సబ్జెక్ట్ అనీ, మన సబ్జెక్ట్ ధర్మయుద్ధం అనీ. తప్పు ఆ తమ్ముడిది కాదు. మన రీల్స్ చూడండి. బ్యాక్‌గ్రౌండ్‌లో డ్రమ్స్, స్లో మోషన్‌లో త్రిశూలం, కింద "తప్పు చేసినవాడిని వదిలేది లేదు" అని క్యాప్షన్. నాకూ ఆ మ్యూజిక్ ఇష్టమే, కాదనను. కానీ గీత 12వ అధ్యాయం తెరిచి, తనకి ఇష్టమైన భక్తుడు ఎలా ఉంటాడో కృష్ణుడు చెప్పిన చోటు చూడండి. 13వ శ్లోకంలో మొట్టమొదట చెప్పింది ఏ ప్రాణినీ ద్వేషించకపోవడం, ఆ వెంటనే స్నేహం, కరుణ. 16వ అధ్యాయంలో దైవీ గుణాల జాబితాలోనూ దయ ఉంది. చెప్పిన చోటు కూడా చూడండి. ఆశ్రమంలో కాదు, రెండు సైన్యాల మధ్య.

సరే, ద్రౌపది దగ్గరికి వద్దాం.

యుద్ధం అయిపోయింది. దుర్యోధనుడు తొడ విరిగి పడి ఉన్నాడు. ఆ రాత్రి అశ్వత్థామ పాండవుల శిబిరంలోకి దూరి, నిద్రలో ఉన్న ద్రౌపది కొడుకులు ఐదుగురినీ చంపేశాడు. యుద్ధంలో కాదు, నిద్రలో. తెల్లారి ఆవిడ ఏడుపు విని అర్జునుడు మాట ఇచ్చాడు, వాడి తల తెచ్చి నీ ముందు పెడతా అని. కృష్ణుడు రథం తోలాడు. అశ్వత్థామ బ్రహ్మాస్త్రం వేశాడు, అర్జునుడు దాన్ని ఆపాడు. చివరికి పట్టుకుని, పశువుని కట్టినట్టు తాళ్ళతో కట్టి, శిబిరానికి ఈడ్చుకొచ్చాడు. దారిలో కృష్ణుడు అంటూనే ఉన్నాడు, చంపెయ్, వీడు జాలికి తగినవాడు కాదు అని. అర్జునుడు చంపలేదు, తీసుకొచ్చి ద్రౌపది ముందు నిలబెట్టాడు. వీడియోలో మేం ఆపింది ఇక్కడే.

ఇది భాగవతం ప్రథమ స్కంధంలో కథ. మన పోతన గారి తెలుగు భాగవతంలోనూ ఉంది. వ్యాస భారతం సౌప్తిక పర్వంలో ఇలా ఉండదని చెప్పడం నా బాధ్యత. అక్కడ ద్రౌపది ప్రాయోపవేశానికి కూర్చుంటుంది, వాడి తల మీది మణి తెస్తే గానీ లేవనంటుంది. రెండూ మన గ్రంథాలే. ఒకదాంట్లో కోపంగా ఉన్న తల్లి, ఇంకోదాంట్లో దయ చూపించిన తల్లి. ఏది నిజం అని నన్ను అడిగితే, పిల్లల్ని పోగొట్టుకున్న ఏ తల్లిలోనైనా ఆ ఇద్దరూ ఉంటారేమో అనిపిస్తుంది.

భాగవతంలో ఆవిడ ఏం చేసిందో జాగ్రత్తగా చూడండి. ముందు అతని మొహం చూసింది. సిగ్గుతో తల దించుకుని ఉన్నాడు. ఆవిడ నమస్కారం పెట్టింది. గురువు గారి కొడుకు కదా. తర్వాత వదిలేయండి అంది. ఎందుకు? ఇతను మంచివాడనా? ఆ మాట ఎక్కడా అనలేదు. పాపం తెలియక చేశాడనా? అదీ అనలేదు. మీరు బాణం పట్టడం నేర్చుకున్నది ఇతని తండ్రి దగ్గరే కదా అని భర్తలకి గుర్తు చేసింది. ఆ తర్వాత ఇతని తల్లి పేరు ఎత్తింది. కృపి. ద్రోణుడు పోయాక ఆవిడ బతికి ఉన్నదే ఈ కొడుకు కోసం. నా పిల్లలు పోయి నేను ఎలా ఏడుస్తున్నానో, ఆ తల్లి అలా ఏడవకూడదు అంది.

ఇది చదివినప్పుడల్లా నేను ఆగిపోతాను. కొడుకుల శవాలు ఇంకా అక్కడే ఉన్నాయి. ఆవిడ కళ్ళు హంతకుడి మీదే ఉన్నాయి. కానీ ఆవిడకి కనిపించింది అతని వెనకాల, ఎక్కడో దూరంగా ఉన్న ఇంకో ఆడమనిషి. సంస్కృతంలో అనుకంప అని ఒక మాట ఉంది. కంపం అంటే వణుకు, అను అంటే వెంట. ఎదుటివాళ్ళు వణికితే మనం కూడా వెంట వణకడం. ద్రౌపది వణికింది అశ్వత్థామ కోసం కాదు, కృపి కోసం. దయ చూపించాలంటే ముందు ఎదుటివాడు మనకి నచ్చాలేమో అనుకుంటాం. అక్కర్లేదని ఈ ఒక్క సీన్ చాలు. వాడు అస్సలు నచ్చకపోయినా వాడి వెనకాల ఉన్న మనిషి కనిపిస్తే చాలు.

తార్నాక తమ్ముడికి ఫోన్ చేసి నేను అడిగిన మొదటి ప్రశ్న అదే. "మీ రూమ్మేట్ వాళ్ళ ఇంట్లో ఎవరెవరున్నారు?" కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత చెప్పాడు. నాన్న మేస్త్రీ. ఒక అక్క, పెళ్ళయింది. పండక్కి ఆ అక్క వీళ్ళ రూమ్‌కి డబ్బా నిండా సకినాలు పంపింది, ఇద్దరూ తిన్నారు. "అక్క మంచిదన్నా" అన్నాడు, గొంతు కొంచెం మారింది.

రెండో ప్రశ్న ఇంకా అవసరమైనది. "హాస్టల్ వాట్సాప్ గ్రూప్‌లో పెట్టావా?" లేదు అన్నాడు, కానీ స్క్రీన్‌షాట్లు రెడీగా ఉన్నాయట. నేను గట్టిగా చెప్పిన ఒకే ఒక్క మాట, అది పెట్టకు అని. ఈ రోజుల్లో తాడు అంటే అదే కదా. స్క్రీన్‌షాట్, ట్యాగ్, "ఇలాంటివాళ్ళతో జాగ్రత్త" అని స్టేటస్. పశువుని కట్టినట్టు కట్టి నలుగురిలో ఈడ్చుకురావడం. ద్రౌపది ముందు చూడలేకపోయింది ఆ దృశ్యాన్నే. తప్పుకి ఏ శిక్ష అనేది తర్వాత మాట్లాడుకుందాం, ముందు ఆ తాడు విప్పండి అంది.

ఇక భీముడు.

ధర్మరాజు, అర్జునుడు, నకుల సహదేవులు, సాత్యకి, కృష్ణుడు, అక్కడున్న ఆడవాళ్ళు అందరూ ద్రౌపది మాట బాగుందన్నారు. భీముడు ఒక్కడే ఒప్పుకోలేదు. నిద్రపోయే పిల్లల్ని చంపినవాడిని వదలడం ఏంటి అని మీదికి వెళ్ళాడు. ద్రౌపది అడ్డం వెళ్ళింది. ఇక్కడ పోతన గారి భాగవతంలో ఒక బొమ్మ ఉంది, నాకు చాలా ఇష్టం. కృష్ణుడు నాలుగు చేతులతో నిలబడ్డాడు. రెండు చేతులతో భీముణ్ణి ఆపాడు, రెండు చేతులతో ద్రౌపదిని పక్కకి జరిపాడు. విష్ణువుకి నాలుగు చేతులు శంఖం, చక్రం, గద, పద్మం పట్టుకోవడానికి అని చిన్నప్పుడు క్యాలెండర్ చూసి నేర్చుకున్నాం. ఇక్కడ ఆ చేతులు ఖాళీగా ఉన్నాయి. న్యాయం కావాలంటున్న మనిషిని ఒక పక్క, దయ చూపించమంటున్న మనిషిని ఇంకో పక్క పట్టుకోవడానికి అవసరమయ్యాయి. రెండు చేతులుంటే సరిపోయేది కాదు.

భీముణ్ణి విలన్‌ని చెయ్యకండి. భీముడిది కూడా ప్రేమే. ఆ పిల్లల్లో ఒకడు అతని కొడుకు. స్టేషన్‌కి పోదాం అన్న ఫ్రెండ్ కూడా అంతే, తమ్ముడి మీద ప్రేమతోనే అన్నాడు. అతను చెప్పిన దాంట్లో తప్పు లేదు. తెలంగాణలో 2017 నుంచే ఆన్‌లైన్‌లో డబ్బు పెట్టి ఆడే ఆటల మీద నిషేధం ఉంది. సైబర్ మోసం అయితే 1930కి ఫోన్ చెయ్యమని మనమే అందరికీ చెప్తాం. ఊరూపేరూ తెలియని మోసగాడు అయితే నేనూ అదే చెప్పేవాణ్ణి.

కృష్ణుడి తీర్పు చూడండి. బ్రాహ్మణుణ్ణి చంపకూడదని చెప్పింది నేనే, ఇలాంటి ఘాతకుణ్ణి చంపాలని చెప్పిందీ నేనే, ఇప్పుడు నా రెండు మాటలూ నిలబడాలి అన్నాడు. ద్రౌపదికి ఇచ్చిన మాట నిలబడాలి, ద్రౌపదీ భీముడూ ఇద్దరూ సంతోషించాలి. రిక్వైర్‌మెంట్లు ఒకదానితో ఒకటి కొట్టుకుంటుంటే క్లయింట్ మనల్ని చూసి నవ్వుతాడే, అచ్చం ఆ పరిస్థితి. అర్జునుడికి అర్థమైంది. కత్తి తీసి, అశ్వత్థామ జుట్టుతో పాటు తల మీది మణిని కోసేశాడు. కట్లు విప్పి శిబిరం నుంచి వెళ్ళగొట్టాడు. ప్రాణం ఉంది, పరువు పోయింది, మణి పోయింది.

ఆ మణి సంగతి భారతంలో ఉంది. అది ఉన్నవాడికి ఆయుధాల భయం లేదు, రోగం, ఆకలి భయం లేదు. పుట్టుకతో వచ్చిన రక్షణ. ఆ ధైర్యంతోనే అర్ధరాత్రి శిబిరంలోకి వెళ్ళాడనుకోవచ్చు. కృష్ణుడు ప్రాణం వదిలాడు, తప్పు చేయించిన ఆ ధీమాని మాత్రం వదల్లేదు. దయ అంటే "ఫర్వాలేదులే" అనడం అని ఎవరైనా చెప్తే నాకు ఈ మణి గుర్తొస్తుంది. ఫర్వా ఉంది. చాలా ఉంది. కాబట్టే మణి తీసేశారు.

ఇంకో విషయం వీడియోలో ఎలాగూ పట్టేది కాదు. ఇదే ద్రౌపది, వనవాసంలో ఉన్నప్పుడు, ధర్మరాజు ఓర్పు చూసి విసిగిపోయి ఒక పాత కథ చెప్తుంది. వనపర్వంలో ఉంది. బలి చక్రవర్తి తన తాత ప్రహ్లాదుణ్ణి అడుగుతాడు, క్షమ గొప్పదా, తేజస్సు గొప్పదా అని. ఏదో ఒకటి చెప్పి పంపకుండా ప్రహ్లాదుడు వివరంగా చెప్తాడు. ఎప్పుడూ క్షమిస్తూనే ఉండేవాణ్ణి నౌకర్లు కూడా లెక్కచెయ్యరు, అతని బండి, బట్టలు, కుర్చీ కూడా వాడేసుకుంటారు. ఎప్పుడూ కోపంగా ఉండేవాడికి స్నేహితులు మిగలరు. మరి ఎవర్ని క్షమించాలి? ముందు మనకి మేలు చేసినవాడు ఇప్పుడు పెద్ద తప్పు చేసినా, ఆ పాత మేలు తలుచుకుని క్షమించాలి. తెలియక చేసినవాణ్ణి క్షమించాలి. ఎవరిదైనా మొదటి తప్పు క్షమించాలి. కావాలని చేసి, పైగా తెలియక చేశానని నాటకమాడేవాణ్ణి మాత్రం తప్పు చిన్నదైనా వదలకూడదు. రెండోసారి చేస్తే శిక్ష తప్పదు.

అడవిలో ఇంత లెక్కగా మాట్లాడిన మనిషే, కొడుకుల్ని పోగొట్టుకున్న రోజు తాడు విప్పమంది. అందుకే ఆవిడని మెతక మనిషి అంటే నేను ఒప్పుకోను. క్షమ ఎప్పుడు పనికిరాదో ఆవిడకి మనందరికంటే బాగా తెలుసు.

ఇప్పుడు కొంచెం కష్టమైన చోటికి వద్దాం, ఎందుకంటే చాలా ప్రవచనాలు ఇక్కడ టాపిక్ మార్చేస్తాయి. వదిలేశాక అశ్వత్థామ మారాడా? మారలేదు. భాగవతంలో తర్వాత అధ్యాయంలోనే, ఉత్తర కడుపులో ఉన్న బిడ్డ మీదికి బ్రహ్మాస్త్రం వస్తుంది. పాండవుల వంశంలో మిగిలిన ఆఖరి ప్రాణం అది. కృష్ణుడు అడ్డుపడి కాపాడితే పరీక్షిత్తు పుట్టాడు. అంటే ద్రౌపది చూపించిన దయకి ప్రతిఫలంగా వచ్చింది ఇంకో అస్త్రం.

మరి ద్రౌపది తప్పు చేసిందా? కథలో ఎవరూ ఆవిడని ఆ మాట అనరు. వ్యాసుడు అనలేదు, కృష్ణుడు అనలేదు, భీముడు కూడా "నేను చెప్పానా" అనలేదు. అది గమనించాక నాకు అర్థమైంది, దయని మనం సిప్‌లో పెట్టిన డబ్బులా చూస్తున్నామని. ఇంత పెడితే ఇన్నేళ్ళకి అవతలివాడు ఇంత మారాలి. మారకపోతే లాస్. ద్రౌపది అలాంటి లెక్క వేసుకోలేదు. కృపి ఏడవకూడదు అంది, కృపి ఏడవలేదు. అంతవరకూ ఆవిడ అనుకున్నది జరిగింది. ఉత్తరని కాపాడటం వేరే పని, దానికి వేరే ఏర్పాటు కావాలి. దయ చూపించాక కూడా తలుపుకి గడియ పెట్టుకోవచ్చు. ఈ మాట ముఖ్యంగా ఇంట్లో దెబ్బలు తింటూ "క్షమించడమే ధర్మం" అని నోరు మూయించబడుతున్న అమ్మాయిల కోసం రాస్తున్నా. క్షమించాలంటే అదే ఇంట్లో ఉండక్కర్లేదు. వీపు మీద దెబ్బ పడుతూ ఉండగా క్షమ గురించి మీకు లెక్చర్ ఇచ్చేవాళ్ళు ప్రహ్లాదుణ్ణి చదవలేదు.

ఆ క్రిస్టియన్ ఫ్రెండ్ గురించి చెప్పాలి. అతన్ని కూడా కలిశాను, తార్నాకలో టీ తాగుతూ. "ప్రేయర్ చేద్దాం అన్నావంట" అంటే నవ్వాడు. "అన్నా, ఊకె ప్రేయర్ చేసి ఊకోలే" అన్నాడు. విషయం ఏంటంటే, దొరికిపోయిన రోజు నుంచి ఆ రూమ్మేట్ రాత్రుళ్ళు ఒక్కడే టెర్రస్ మీద కూర్చుంటున్నాడు. మిగతావాళ్ళు అది గమనించలేదు. ఇతను గమనించాడు. తన రూమ్ నుంచి చాప, దుప్పటి తెచ్చుకుని నాలుగు రాత్రులు ఆ రూమ్‌లో, తలుపుకి అడ్డంగా పడుకున్నాడు. ఎవరికీ ఎందుకో చెప్పలేదు. ఇది విన్నాక "మన దాంట్లో, వాళ్ళ దాంట్లో" అనే మాట నాకు కాసేపు చిన్నగా అనిపించింది. మీ చుట్టూ ఎవరైనా ఇలా ఒంటరిగా కూర్చుంటుంటే పక్కన కూర్చోండి, టెలీ మానస్ 14416కి ఫోన్ కలిపి ఇవ్వండి. తెలుగులో మాట్లాడతారు.

అతను చెప్పిన బైబిల్ కథ కూడా బాగుంది. మత్తయి సువార్త 18వ అధ్యాయంలోది. ఎన్నిసార్లు క్షమించాలి, ఏడుసార్లా అని శిష్యుడు పేతురు అడుగుతాడు. ఏడు కాదు, డెబ్బై ఏళ్ళు అంటాడు యేసు. ఏళ్ళు అంటే ఏడుల లెక్క, డెబ్బై సార్లు ఏడు. ఆ వెంటనే ఒక రాజు కథ. ఒక సేవకుడు జన్మలో తీర్చలేనంత బాకీ పడతాడు, రాజు మొత్తం కొట్టేస్తాడు. బయటికి వచ్చిన ఆ సేవకుడు తనకి చిల్లర బాకీ ఉన్న ఇంకొకడి గొంతు పట్టుకుని జైల్లో వేయిస్తాడు. రాజుకి తెలిసి అతన్ని పిలిపించి శిక్షిస్తాడు. చూడండి, అక్కడా మణి తీయడం ఉంది. దయ పొందినవాడు దాన్ని కిందికి పంపకపోతే రాజు ఊరుకోలేదు.

పక్కవాళ్ళ ఇంట్లో మంచి ఉంటే మంచి అనడానికి మనకి భయం అక్కర్లేదు. డిచ్‌పల్లి పేరు చెప్తే నిజామాబాద్ వైపు వాళ్ళకి ఖిల్లా రామాలయం గుర్తొస్తుంది. అదే ఊళ్ళో వందేళ్ళ పైబడిన కుష్ఠు ఆసుపత్రి ఉంది. ఇసబెల్ కెర్ అనే స్కాట్లండ్ డాక్టరమ్మ, పాదిరీ అయిన భర్త జార్జ్ కెర్‌తో కలిసి 1907లో నిజాం రాజ్యానికి వచ్చింది. ఆ రోజుల్లో కుష్ఠు వస్తే ఊరి బయటే. ముట్టుకునేవాళ్ళు లేరు, సొంతవాళ్ళు కూడా. ఆవిడ నిజామాబాద్ దగ్గర వాళ్ళకి వైద్యం మొదలుపెట్టింది. స్థలం, డబ్బు సరిపోక ఇబ్బంది పడుతుంటే పెద్ద విరాళం ఇచ్చి నిలబెట్టింది రాజా నర్సా గౌడ్ అనే హిందూ దాత. 1915లో డిచ్‌పల్లి ఆసుపత్రి మొదలైంది. అప్పటికి కుష్ఠుకి ఇప్పుడున్న మాత్రలు లేవు, హిడ్నోకార్పస్ గింజల నూనె ఇంజెక్షన్లే మందు. అవి ఒక రోజుతో అయ్యేవి కావు, మళ్ళీ మళ్ళీ నెలల తరబడి గుచ్చాలి, పుండ్లు రోజూ కడగాలి. 1932లో చనిపోయేదాకా ఆవిడ ఆ పనిలోనే ఉంది.

మతమార్పిడి మాటేంటి అని మీలో కొందరు అడుగుతారు, నాకు తెలుసు. అడగాల్సిన ప్రశ్నే, దానికి వేరే చోటు ఉంది. ఇక్కడ నేను చూస్తున్నది నర్సా గౌడ్‌ని. తన దేవుణ్ణి వదలకుండానే, వేరే దేవుడి పేరుతో పుండు కడుగుతున్న చేతికి డబ్బిచ్చాడు. ఆయన కళ్ళకి ముందు రోగి కనిపించి ఉండాలి.

ఇంత పెద్ద కష్టాలు రోజూ రావు మనకి. రోజూ వచ్చేవి చిన్నవి. తార్నాక జంక్షన్‌లో వానలో తడుస్తూ ఆర్డర్ ఇరవై నిమిషాలు లేటుగా తెచ్చిన అబ్బాయి. గేట్ దగ్గర మన బండి ఆపిన వాచ్‌మన్. రీఫండ్ రాదని చెప్పే కాల్ సెంటర్ అమ్మాయి. వీళ్ళ మీద అరిచినప్పుడు మనం చాలా న్యాయంగా ఉన్నట్టే అనిపిస్తుంది. యుద్ధకాండలో రావణుడు పోయాక హనుమంతుడు అశోకవనానికి వచ్చి సీతమ్మని అడుగుతాడు, నిన్ను నెలల తరబడి బెదిరించి ఏడిపించిన ఈ రాక్షస స్త్రీలని చంపేయనా అని. వద్దంటుంది. వీళ్ళు రాజు చెప్పింది చేశారు, దాసీలు, వీళ్ళ మీద కోపం ఏంటి అంటుంది. ఆర్డర్ ఇచ్చినవాడికీ ఆర్డర్ మోసినవాడికీ తేడా ఆవిడకి అంత బాధలోనూ కనిపించింది. యాప్‌లో పది నిమిషాలు అని రాసింది ఆ తడిసిన అబ్బాయి కాదు కదా.

చివరికి ఆ ముగ్గురూ ఏం చేశారో చెప్పి ముగిస్తా. నాన్నకి చెప్పలేదు, అక్కకి చెప్పారు. ఫోన్‌లో కాదు, రూమ్మేట్‌ని వెంటబెట్టుకుని బస్సెక్కి వెళ్ళి, అతని నోటితోనే చెప్పించారు. బావ గట్టిగా తిట్టాడట, అక్క ఏడ్చిందట, తర్వాత అన్నం పెట్టిందట. స్మార్ట్‌ఫోన్ బావ దగ్గర పెట్టి, కీప్యాడ్ ఫోన్‌తో తిరిగొచ్చాడు. మణి అన్నమాట. మన తమ్ముడు పిన్ మార్చాడు, ఈసారి ఎవరికీ చెప్పలేదు. రూమ్ మారలేదు. రూమ్మేట్ సాయంత్రాలు ఒక కిరాణా షాపులో పని చూసుకున్నాడు, ప్రతి నెలా 5వ తారీఖుకి 2,000 ఇవ్వాలని నోట్‌బుక్‌లో రాసుకున్నారు. సాక్షి సంతకాలు రెండు: స్టేషన్‌కి పోదామన్న ఫ్రెండ్‌ది, ప్రేయర్ చేద్దామన్న ఫ్రెండ్‌ది.

రెండు నెలలు సరిగ్గా వచ్చాయి. ఈ నెల 5 దాటింది, 10 దాటింది. 12న 700 వచ్చాయి, మాట లేదు. తమ్ముడు మళ్ళీ మెసేజ్ పెట్టాడు: "ప్రహ్లాదుడు చెప్పిన రెండో తప్పు ఇదేనా అన్నా?"

నాకు తెలీదు, వాణ్ణే అడగాలి అని రాశాను. ఆదివారం పొద్దున లైబ్రరీ దగ్గర అందరూ కూర్చుందామన్నారు, నన్నూ రమ్మన్నారు. వెళ్తున్నా. నోట్‌బుక్ తీసుకురమ్మని చెప్పా.